వంతెన దగ్గర ఎవరూ ఎక్కరు

మా ఇల్లు గవర్నర్‌పేటలో ఒక సందు చివర ఉండేది. సందు మొదట్లో సిటీ బస్సు ఆగాలి. ఆగాలని రేకు మీద రాసి స్తంభానికి కట్టారు కూడా. నేను ఇంటర్ చదివిన రెండేళ్ళలో బస్సు ఆ రేకు దగ్గర సరిగ్గా ఆగిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒకరోజు దాటిపోయి ఆగేది, ఒకరోజు రాకముందే ఆగేది, చాలా రోజులు అసలు ఆగేది కాదు. పుస్తకాలు పట్టుకుని పరిగెత్తే ఆడపిల్లల్ని చూసి ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళు ఈలలు వేసేవాళ్ళు. నేను డిపోకి కార్డులు రాశాను. మొత్తం పదకొండు పోస్టుకార్డులు. తేదీ, టైము, బస్సు నంబరు, రేకుకి ఎన్ని అడుగుల దూరంలో ఆగిందో, అన్నీ వేసి రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. రెండో ఏడు చివర్లో, పన్నెండోది రాద్దామనుకునేలోపు బస్సు ఆగడం మొదలైంది. దాన్ని నేను జవాబుగా ఒప్పుకోలేదు. జవాబంటే కాగితం మీద రావాలి.

మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఎవరు నన్ను ఎప్పుడు ఏమన్నారో నేను చెప్పుకొస్తుంటే ఆమె దిండు గలీబు మారుస్తూ అనేది: "ఇన్ని గుర్తుపెట్టుకునే దానివి, లెక్కల్లో సూత్రాలు కూడా గుర్తుపెట్టుకోవచ్చుగా."

ఆ సూత్రాలు గుర్తుండకే ఇంజనీరింగ్ సీటు రాలేదు. హైదరాబాదులో ప్లానింగ్ కోర్సులో సీటు వచ్చింది. పట్టణాలు ఎలా పెరగాలో, రోడ్లు ఎక్కడ పడాలో, బస్సులు ఎటు తిరగాలో చెప్పే చదువు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద సంఘ పెద్ద ఒకాయన అందరి ముందూ అడిగాడు: "ఊళ్ళన్నీ కట్టేశారుగా అమ్మా, ఇంక మీరు ప్లాన్ చేసేదేముంది?" మెట్ల మీద ఉన్న పదిమందీ నవ్వారు. ఆ పదిమందీ ఎవరో ఇప్పటికీ చెప్పగలను.

ఆ చదువు మీద మాత్రం నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. రవాణా పాఠం చెప్పే మాస్టారు మొదటి నెలలోనే మమ్మల్ని ఒక నాలుగు రోడ్ల కూడలికి తీసుకెళ్ళి, మూలకొకరిని నిలబెట్టి, వచ్చే బండినీ పోయే బండినీ గీతలు గీయమన్నాడు. ఎండకి కళ్ళు తిరిగాయి. సాయంత్రం నలుగురి గీతలూ కలిపి బోర్డు మీద వేస్తే, ఊరికే గోలలాగా కనిపించిన కూడలికి ఒక రూపం వచ్చింది. ఏ గంటకి ఎటువాళ్ళు ఎటు పోతున్నారో, ఎవరు ఎవరికోసం ఆగాల్సి వస్తోందో తెలిసింది. నాకు ఒళ్ళు జలదరించింది. అప్పటిదాకా నా దగ్గర ఫిర్యాదులున్నాయి కాని వాటికి భాష లేదు. "బస్సు ఆగడం లేదు" అంటే ఎవరూ వినరు. "ఈ స్టాపులో పొద్దున ఇంతమంది ఎక్కుతారు, ఇంతమంది మిగిలిపోతున్నారు" అంటే పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా పెన్ను తీయాల్సిందే. డిగ్రీ అయ్యాక రవాణాలోనే పీజీ చేశాను.

తొంభైల చివర్లో బెజవాడ తిరిగొచ్చాను. ఒక కన్సల్టెన్సీలో ఉద్యోగం. గవర్నర్‌పేటలోనే హోల్‌సేల్ స్టేషనరీ కొట్టు మీద రెండో అంతస్తులో ఆఫీసు. డైరెక్టరు గారు పదిహేను రోజులకొకసారి హైదరాబాదు నుంచి పొద్దుటి రైలుకి వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవారు. బెజవాడ నుంచి చుట్టుపక్కల ఊళ్ళకి తిరిగే బస్సుల దారుల్ని సరిచేసి చెప్పడం మాకు అప్పగించిన పని. ఎక్కడ చుట్టు తిరుగుతున్నాయి, ఎక్కడ ఖాళీగా పోతున్నాయి, ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ పెంచాలి. లెక్కల పని నాది. సర్వేలు చూసుకోవడానికి, బస్టాండులో ముప్పై ఏళ్ళు కంట్రోలరుగా చేసి రిటైరైన ఒకాయన్ని పెట్టారు. ఏ బండి ఎప్పుడు కదలాలో, ఎవరు నడపాలో చూసే మనిషిని కంట్రోలరంటారు. అందరూ ఆయన్ని కంట్రోలరు గారనే పిలిచేవాళ్ళు. నేనూ అలాగే పిలిచాను.

సన్నటి మనిషి. తెల్ల చొక్కా, జేబులో పెన్ను ఉండదు. నోట్లో ఎప్పుడూ లవంగం. కుర్చీ వేసినా కూర్చునేవాడు కాదు. ముప్పై ఏళ్ళు నిలబడి పనిచేసిన మనిషికి కూర్చుంటే నడుం నొప్పి వస్తుందట. మొదటి రోజు ఆయన నా అడ్రసు చూసి కాగితం దించాడు.

"సందు చివర ఇల్లా?"

"అవునండీ."

"రేకు స్తంభం ఉన్న సందేనా? ఆ కార్డులు రాసింది నువ్వేనా అమ్మాయ్?"

"నేనేనండీ. ఒక్కదానికీ జవాబు రాలేదు."

"జవాబు రాయడానికి మాకు కార్డులు ఇవ్వరమ్మా. రోజూ నువ్వెక్కే టయానికి ఒక మనిషిని పంపి, డ్రైవర్లని నిలబెట్టి తిట్టించాను." లవంగం అటునుంచి ఇటు మార్చుకుని అన్నాడు: "అంతా బాగానే రాశావు. ఒక కార్డులో మాత్రం 'డ్రైవరు నన్ను చూసి నవ్వాడు' అని రాశావు. దాని మీద ఏం చర్య తీసుకోమంటావు?"

ఆఫీసులో అందరూ నవ్వారు. ఇది ఆయన నన్నన్న మొదటి మాట. ఆ రోజునుంచీ ఆయన మీద నాకొక కన్ను ఉంది.

పనిలోకి దిగితే ఆ మనిషిని మెచ్చుకోకుండా ఉండటం కష్టమయ్యేది. ఏ ఊరి బస్సు ఏ టయానికి కదులుతుందో కాగితం చూడకుండా చెప్పేవాడు. అంతేకాదు, అది ఆ టయానికే ఎందుకు కదులుతుందో కూడా చెప్పేవాడు. కొండపల్లి మొదటి బస్సు కరెంటు ఫ్యాక్టరీ షిఫ్టు సైరన్‌కి సరిపోవాలి. ఫలానా బండి పాల క్యాన్ల కోసం అయిదు నిమిషాలు ఆలస్యంగా బయల్దేరాలి. ఇంకొకటి కోర్టు వాయిదాల వాళ్ళది. పుస్తకాల్లో మేము టైంటేబులు అనేదాన్ని ఆయన ఒక పెద్ద కుటుంబం గురించి మాట్లాడినట్టు మాట్లాడేవాడు. నేను వింటూ కూర్చుండిపోయేదాన్ని. విన్నట్టు కనపడకుండా కూడా జాగ్రత్తపడేదాన్ని.

నేను చేరిన రెండో ఏడు గొడవ మైలవరం పొద్దుటి బస్సు దగ్గర వచ్చింది.

ఆ బస్సు గవర్నర్‌పేటలో బయల్దేరి తిన్నగా భవానీపురం మీదుగా గొల్లపూడి పోకుండా, వన్‌టౌన్ ఇరుకు వీధుల్లోకి దూరి, అక్కడ ఒక కాలువ వంతెన దాటి, చుట్టు తిరిగి మళ్ళీ పెద్ద రోడ్డెక్కేది. దానికి పన్నెండు నిమిషాలు. ఎందుకు తిరుగుతోందో ఎక్కడా రాసి లేదు. నేను ఒక నెల ఎస్సార్‌లు ముందేసుకుని కూర్చున్నాను. ఎస్సార్ అంటే కండక్టరు దగ్గర ఉండే పొడుగాటి పట్టీ. ఒక్కో స్టేజీ దాటేటప్పుడు, ఏ ధర టికెట్ ఏ నంబరు దాకా తెగిందో అందులో రాస్తాడు. రెండు స్టేజీల నంబర్లకి తేడా తీస్తే మధ్యలో ఎన్ని టికెట్లు కొట్టాడో తెలుస్తుంది. నేను నెల రోజులకీ తేడాలు తీశాను. కాలువ వంతెన స్టేజీలో మొదటి రోజు సున్నా. రెండో రోజు సున్నా. నెలంతా సున్నా.

"కాలువ వంతెన దగ్గర ఎవరూ ఎక్కరు. బస్సుని తిన్నగా పోనిస్తే పన్నెండు నిమిషాలు మిగులుతాయి" అని రిపోర్టులో రాశాను. డైరెక్టరు గారు చదివి బల్ల మీద చరిచారు. "ఎక్సలెంట్! ఇంత క్లీన్‌గా ఉండాలి. మీటింగులో మొదట ఇదే చెబుదాం." ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. అందుకే అది కూడా గుర్తుంది.

కంట్రోలరు గారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"అమ్మాయ్, ఆ సున్నాని చూశావా?"

"చూడటం ఏంటండీ? లెక్కలో వచ్చింది."

"పొద్దున్నే వంతెన దగ్గరికి పోయి చూశావా అని."

"నెల రోజుల డేటా ఉందండీ నా దగ్గర."

"నెల రోజుల కాగితం ఉంది" అన్నాడు.

ఇది రెండో మాట. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. పొద్దున్నే వంతెన దగ్గరికి వెళ్ళి, సున్నాని కళ్ళారా చూసి, టైము వేసి, సంతకం పెట్టి ఆయన చేతిలో పెట్టాలని నిర్ణయించుకున్నాను.

చేతిలో సర్వే అట్ట, దానికి క్లిప్పు, క్లిప్పుకి ఫారాలు. ఇంకా మసకగానే ఉంది. వంతెన మీద తొమ్మిదిమంది ఆడవాళ్ళు ఉన్నారు. పక్కనే చేపల మార్కెట్టు. అందరి దగ్గరా తట్టలు, అల్యూమినియం బేసిన్లు, వాటి మీద తడి గోనెపట్టాలు. వాళ్ళు బస్సు కోసం నిలబడ్డారని నాకు తోచలేదు. చేపలమ్మేవాళ్ళు చేపల మార్కెట్టు పక్కన కాక ఎక్కడుంటారు అనుకున్నాను. బస్సు వచ్చింది. నేను అట్ట పైకెత్తి పెన్ను తీశాను. కండక్టరు ఫుట్‌బోర్డు మీదనుంచి వంగి చూశాడు. అతని చూపు నా చేతి మీద పడింది. రెండు బెల్లులు కొట్టాడు. బస్సు ఆగకుండా పోయింది.

నేను ఫారంలో సున్నా వేశాను. వేసి కింద గీత కూడా గీశాను.

"ఏమ్మాయ్, చెకింగా?"

తలెత్తి చూస్తే తొమ్మిదిమందీ నా వైపే చూస్తున్నారు. అడిగింది వాళ్ళలో పెద్దామె. ముక్కుకి రెండు పక్కలా పుడకలు, నెత్తిన చుట్టకుదురు.

"కాదండీ, సర్వే."

"అదేందో మాకు తెలవదు. నిన్ను చూసే ఆపలా. ఆ అట్ట ఎత్తి చూపించావు, వాడు హడలిపోయి బండి తోలించుకుపోయాడు."

"నేనేం చేశానండీ? ఊరికే నిలబడ్డాను."

"నిలబడింది చాలదా? ఇంకో బస్సు ఎండెక్కినాక వచ్చిద్ది. ఆ పాటికి మైలవరంలో కూరలు పొయ్యి దిగిపోతయ్యి. ఈ చేపలన్నీ నువ్వు కొనుక్కుంటావా?"

"కొంటదిలే పిన్నీ, ఆఫీసరమ్మ" అంది పక్కనున్న చిన్నామె.

"ఆఫీసరమ్మైతే జీపులో దిగేది. ఈ పిల్ల నడిచొచ్చింది."

అందరూ నవ్వారు. పెద్దామె మాత్రం నవ్వలేదు. గోనెపట్టా ఎత్తి చేపల మీద కాలవ నీళ్ళు చల్లింది. ఇద్దరు విసుక్కుంటూ మార్కెట్టులోకి తిరిగిపోయారు, అయినకాడికి అమ్ముకోవడానికి. మిగతావాళ్ళు ఎండ పైకి వస్తుంటే నీడకి జరుగుతూ కూర్చున్నారు. నా ఫారంలో ఉన్న సున్నా ఎదురుగా కూర్చుని ఉంది, ఏడు ముఖాలతో.

ఆఫీసుకి వెళ్ళి జరిగింది చెప్పాను. ఎగతాళి చేస్తాడని సిద్ధపడే చెప్పాను. కంట్రోలరు గారు నవ్వలేదు.

"అట్ట పట్టుకెళ్ళావా?"

"అట్ట లేకుండా సర్వే ఎలాగండీ?"

"బస్సు దగ్గర కాగితం పట్టుకుని నిలబడితే అది బస్సులాగా ఉండదమ్మా. పెళ్ళిచూపుల్లో పిల్లలాగా కూర్చుంటుంది. రేపు చేతులూపుకుంటూ రా."

మర్నాడు నేను వెళ్ళేసరికే ఆయన వంతెన గోడకి ఆనుకుని ఉన్నాడు. ప్యాంటు ఎడమ జేబులోంచి గుప్పెడు చింతగింజలు తీసి చూపించాడు. ఎక్కే ఒక్కో మనిషికి ఒక్కో గింజ ఎడమ జేబులోంచి కుడి జేబులోకి పోతుంది. బస్సు వెళ్ళాక కుడి జేబు లెక్క చూసుకోవాలి. ముప్పై ఏళ్ళూ ఆయన అలాగే లెక్కపెట్టాడట. చూసేవాళ్ళకి జేబులో చేతులు పెట్టుకున్న ముసలాయన కనిపిస్తాడు, అంతే. కాలేజీలో మాకు నేర్పిన ఏ సర్వే పద్ధతీ దీని ముందు నిలవదని ఆ నిమిషంలోనే నాకు తెలిసిపోయింది. ఆయనకి మాత్రం చెప్పలేదు.

బస్సు వచ్చి, ఎవరూ చెయ్యెత్తకుండానే ఆగింది. తట్టలు వెనక మెట్ల మీదుగా లోపలికి పోయాయి. తొమ్మిదిమంది ఆడవాళ్ళు ఎక్కారు. ఇంకెవరూ ఎక్కలేదు. చేపల తట్టలెక్కే చోట చుట్టుపక్కల వీధులవాళ్ళు ఎక్కరట, ముందు స్టాపుకి నడిచిపోతారట. మేమిద్దరం కూడా ఎక్కాం. కండక్టరు టికెట్లు కొట్టుకుంటూ ముందునుంచి వెనక్కి వచ్చాడు. మా ఇద్దరికీ కొట్టాడు. ఆడవాళ్ళ వైపు చూడను కూడా చూడకుండా వెనక్కి తిరిగి పోయాడు.

"వాళ్ళని టికెట్ అడగలేదేంటండీ?" అన్నాను గట్టిగానే.

"కూర్చో అమ్మాయ్" అన్నాడు కంట్రోలరు గారు, తను నిలబడే.

భవానీపురం దాటింది. టికెట్ లేకుండా తొమ్మిదిమంది. చెకింగ్ వాళ్ళు ఎక్కితే ఆ కండక్టరు ఉద్యోగం అక్కడితో సరి. అతను మాటిమాటికీ అద్దంలోంచి వెనక రోడ్డు చూస్తున్నాడు.

గొల్లపూడిలో బస్సు ఆగింది. స్టాపు ఎదురుగా ఒక భోజన హోటలు. హోటలు నడిపే ఆవిడ పెద్ద సత్తు గిన్నె పట్టుకుని అప్పటికే రోడ్డు పక్కన నిలబడి ఉంది. తట్టల మీద గోనెపట్టాలు లేచాయి. కిటికీలోంచి ఒక్కో తట్టలోని ఒక్కో చేప ఆవిడ గిన్నెలోకి దిగింది. బేరం లేదు. ఆవిడ ఒక్కొక్కరి చేతిలో విడివిడిగా డబ్బు పెట్టింది. ప్రతి ఆడమనిషీ ఆ డబ్బు కళ్ళకద్దుకుంది. అద్దుకుని, అదే నోటు వెనక్కి తిరిగి కండక్టరుకి చాపింది. తొమ్మిది టికెట్లు వరసగా తెగాయి. రెండు బెల్లులు. బస్సు కదిలింది.

నిన్న నన్ను తిట్టిన పెద్దామె నా ముఖం చూసి జాలిపడినట్టుంది.

"బోణీ కాకుండా చేతిలోంచి పైసా జారితే ఆ రోజు బేరం ఉండదమ్మా. మార్కెట్టులో సరుకిచ్చే సేటే సందేళ అడుగుతాడు, పొద్దున అడగడు. కండక్టరు బాబు మాత్రం ఎట్టా అడుగుతాడు?"

"ఆ హోటలావిడ రోజూ కొంటారా అండీ?"

"కొంటది. రోజుకొకళ్ళది ముందు కొంటది. ఇయ్యాల నాది."

కండక్టరు మా దగ్గరికి వచ్చాడు. "ఏంటి గురువుగారూ, రిటైరయ్యాక కూడా మమ్మల్ని వదలరా?"

"నీకోసం రాలేదురా. ఈ అమ్మాయికి బస్సంటే ఏంటో చూపిద్దామని."

"నిన్న అట్ట పట్టుకుని నిలబడింది ఈవిడే కదూ? చెకింగనుకుని గుండాగిపోయింది మేడమ్." తర్వాత గొంతు తగ్గించాడు. "మేడమ్, ఇది రాయకండి. నేనొక్కణ్ణే కాదు. ఈ బండి డ్యూటీకి ఎవరొచ్చినా ముందువాడు చెప్పే మొదటి మాట ఇదే. పేపరెక్కితే అందరం పోతాం."

అరవై ఏళ్ళ మనిషి వంతెన మీద గోడకి ఆనుకుని నాకు చూపించింది ఇది. కండక్టర్లు, చేపలమ్మేవాళ్ళు, హోటలావిడ, ఎవరూ ఎవరితోనూ ఒప్పందం రాసుకోలేదు. ఎవరి నమ్మకాన్నీ ఎవరూ ఎగతాళి చేయలేదు. పొద్దుటి బస్సుని గొల్లపూడి దాకా ఒక మాట మీద నడుపుకుంటున్నారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఎన్నో ఏర్పాట్లు చూశాను, కొన్ని చేశాను. దీనంత పొందిగ్గా నడిచింది ఇంకొకటి చూడలేదు.

ఆఫీసుకి వచ్చాక కంట్రోలరు గారు నా ఎస్సార్‌ల కట్ట విప్పించాడు.

"గొల్లపూడి స్టేజీ తీయి. మొత్తం కాదు, ధరలు చూడు."

చూశాను. గొల్లపూడిలో రకరకాల ధరల టికెట్లు తెగాయి. వాటిలో ఒక ధర ఎక్కువది.

"గొల్లపూడిలో ఎక్కి మైలవరంలో దిగేవాడికి అంత టికెట్ ఎందుకు పడుతుంది?"

పడదు. ఆ ధర వన్‌టౌన్ నుంచి మైలవరానికి. రోజు రోజుకీ తిప్పాను. ఎనిమిది. తొమ్మిది. తొమ్మిది. ఏడు. ఆదివారం పదమూడు. నెలంతా ఆ ఆడవాళ్ళు అక్కడే ఉన్నారు, గొల్లపూడి గడిలో, కండక్టర్ల చేతిరాతలో. నేను కూడికలు చూశాను, ధరలు చూడలేదు.

"దొంగైతే తక్కువ టికెట్ కొట్టి మిగిల్చుకునేవాడు. ఎక్కిన చోటునుంచే కొట్టాడు చూడు" అన్నాడాయన. ఆ గొంతులో గర్వం ఉంది, తన పిల్లల గురించి చెప్పినట్టు. వెంటనే నా వైపు తిరిగాడు. "చదువుకున్నావుగా. నీకు కనపడకపోతే ఎట్టా?"

ఇది మూడో మాట. ఇది న్యాయమైన మాట కాబట్టే ఎక్కువ గుచ్చుకుంది.

రిపోర్టు అప్పటికే వెళ్ళిపోయింది. వారంలో మీటింగు. నేను నోరు మూసుకుంటే బస్సు తిన్నగా పోతుంది, తొమ్మిది తట్టలు వంతెన మీద మిగిలిపోతాయి. ఉన్నది ఉన్నట్టు చెబితే బస్సు మిగులుతుంది, కండక్టర్లు పోతారు. ఏం చేయమంటారని కంట్రోలరు గారిని అడిగాను. "నీ లెక్క, నువ్వే తేల్చుకో" అని లవంగం నోట్లో వేసుకున్నాడు. ఇరవై ఆరేళ్ళ పిల్లని అలా వదిలేయడం న్యాయమా? ఆ వారమంతా రోజూ పొద్దున్నే చింతగింజలు జేబులో వేసుకుని వంతెన దగ్గర నిలబడ్డాను. లెక్క తప్పలేదు. దారి మాత్రం దొరకలేదు.

మీటింగు డిపో మేడ మీద గదిలో. బస్సుల ఆఫీసర్లు అయిదుగురు, మధ్యలో పెద్దాఫీసరు. కంట్రోలరు గారు గోడ పక్కన, నిలబడే ఉన్నాడు. డైరెక్టరు గారు మొదలుపెట్టడమే నా సున్నాతో మొదలుపెట్టారు. "కాలువ వంతెన స్టేజీ, నెలంతా ఒక్క ప్యాసింజరు కూడా లేడు" అనగానే నేను లేచాను.

"ఆ అంకె తప్పండీ."

డైరెక్టరు గారి చేయి గాల్లోనే ఆగిపోయింది.

"రోజుకి ఎనిమిది తొమ్మిదిమంది ఎక్కుతారండీ. అందరూ మైలవరం దాకా. ఆదివారం ఇంకా ఎక్కువ. బస్సు దారి మారిస్తే వాళ్ళకి ఎండెక్కేదాకా వేరే బస్సు లేదు."

పెద్దాఫీసరు ఎస్సార్ దగ్గరికి లాక్కున్నాడు. "ఇందులో లేనివాళ్ళు మీకెలా కనపడ్డారమ్మా?"

"ఇందులోనే ఉన్నారండీ. నేనే చూడలేదు." వెళ్ళి ఆ ధర గడి మీద వేలు పెట్టాను. ఆయన చూశాడు. ఇంకో రోజుది తిప్పి చూశాడు. తలెత్తాడు.

"వంతెన దగ్గర ఎక్కినవాళ్ళకి గొల్లపూడి వచ్చేదాకా టికెట్ ఎందుకు కొట్టలేదు?"

ఎవరైనా నన్ను తప్పు పడితే నేను ఊరుకోనని మా ఇంటిల్లిపాదికీ తెలుసు. నాది కాని తప్పు నా మీద వేస్తే ఏళ్ళ తరబడి మాట్లాడను. అలాంటిదాన్ని ఆ గదిలో అన్నాను:

"నాకు తెలిసింది ఒక్కటేనండీ. నేను టికెట్ల మొత్తాలే కూడుకున్నాను, ధరలు విడదీయలేదు. మొదటి సంవత్సరం పిల్లలు కూడా చేయని తప్పు. దాన్ని పట్టుకుని రిపోర్టు రాశాను. ఇంతమంది టైము పాడుచేశాను. తప్పు నాది. కావాలంటే రాసిస్తాను."

"నేనడిగింది అది కాదమ్మా" అన్నాడు పెద్దాఫీసరు.

"రాసిస్తుందండీ" అన్నారు డైరెక్టరు గారు. ఆయన ముఖం కందగడ్డలా అయింది. "ఇప్పుడే రాసిస్తుంది. మా ఆఫీసు తప్పు కాదు, ఈ అమ్మాయి తప్పు. ఇలాంటి వాళ్ళని పెట్టుకున్నందుకు నన్ననాలి." అలా మొదలుపెట్టి చాలాసేపు ఆపలేదు. కాలేజీలు ఏం నేర్పుతున్నాయో అన్నారు. ఆడపిల్లలకి లెక్కల పని ఇవ్వడం తనదే బుద్ధి తక్కువ అన్నారు. నేను నిలబడే విన్నాను. ఆయన ఎంతసేపు అంటే అంత మంచిదనిపించింది. ఆయన ఆపేసరికి గదిలో అందరికీ నా మీద జాలి వచ్చింది, ఆ ప్రశ్న ఎవరికీ గుర్తు లేదు.

పెద్దాఫీసరుకి తప్ప. ఆయన గోడ పక్కకి చూశాడు. కంట్రోలరు గారు ఫ్యాను వైపు చూస్తున్నాడు. పెద్దాఫీసరు ఎప్పుడో కండక్టరుగా మొదలుపెట్టిన మనిషని తర్వాత విన్నాను. ఆయన ఎస్సార్ మడిచి పక్కన పెట్టాడు.

"ఒక్కడే కండక్టరు. రద్దీ బండి. వెనక్కి వచ్చేసరికి గొల్లపూడి వచ్చేస్తుంది" అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. "దారి మార్చొద్దు. తర్వాతది చెప్పండి."

నేను పక్క గదిలో కూర్చుని రాసిచ్చాను. ఒక పేజీ. నా తప్పు, నా నిర్లక్ష్యం, నా సంతకం. ఆ పేజీని రిపోర్టు వెనక కుట్టారు. మెట్లు దిగుతుంటే డైరెక్టరు గారు తల తిప్పకుండా చెప్పారు, రేపటినుంచి మ్యాపులకి రంగులు వేసే పని చూసుకోమని. దాదాపు ఏడాదిపాటు అదే చేశాను. తర్వాత వేరే ఉద్యోగానికి పోయాను, రెండు వేల సంవత్సరం దాటాక వేరే నగరాలకి పోయాను. పెద్ద పెద్ద రోడ్లు, వంతెనలు, బస్సు దారులు నా చేతుల మీదుగా వెళ్ళాయి. ఆ ఏడాది రంగులు మాత్రం నేను ఎవరికీ మాఫీ చేయలేదు. నా దగ్గర చేరే కుర్రవాళ్ళని మొదటి వారం అట్ట లేకుండా బస్సెక్కిస్తాను. వాళ్ళు వెనక నన్ను ఏమనుకుంటారో కూడా నాకు తెలుసు.

మీటింగు అయ్యాక డిపో గేటు దగ్గర కంట్రోలరు గారు టీ కొట్టు ముందు నిలబడి ఉన్నాడు. ఆయన ఒక మాట అంటాడని అనుకున్నాను. ఒకే ఒక్క మాట. నాకు టీ గ్లాసు అందించాడు.

"రాసిచ్చావా?"

"రాసిచ్చానండీ."

"తేదీ వేశావా?"

అంతే. ఆయన దగ్గర మూడేళ్ళు పని నేర్చుకున్నాను. నాకు తెలిసిన రవాణాలో సగం ఆయన పెట్టిన భిక్షే. మెచ్చుకోలు మాత్రం ఆ మూడేళ్ళలో ఒక్కటి కూడా రాల్లేదు.

దారి మార్చొద్దన్న కాగితం డిపోకి వచ్చిన మర్నాడు వంతెన దగ్గరికి వెళ్ళాను. నా జేబులో గింజలు లేవు, ఊరికే వెళ్ళాను. పెద్దామె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మళ్ళీ వచ్చావా? ఆ అట్ట తేలేదుగా?"

"లేదండీ."

"అయితే పక్కకి జరుగు. మెట్లకి అడ్డంగా నిలబడ్డావు. తట్ట నీళ్ళు కారతన్నయ్యి, నీ బట్టలు పాడైతే మళ్ళీ మమ్మల్నంటావు."

నేను పక్కకి జరిగాను. బస్సు ఆగింది. తట్టలు ఒకదాని వెనక ఒకటి లోపలికి పోయాయి. చివరామె కొంగు తలుపులో పడకుండా లాక్కుంది. కండక్టరు రెండు బెల్లులు కొట్టాడు. బస్సు వంతెన దిగి, వన్‌టౌన్ సందు మలుపు తిరిగింది.